అనుమానం గారు అక్కకిచ్చిన కవరు

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం పట్టీలో మాత్రమే కనిపిస్తుంది. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా అందరూ అతన్ని అనుమానం అనే పిలుస్తారు. వయసులో చిన్నవాళ్లు మర్యాదకి ఒక 'గారు' తగిలిస్తారు. అతనూ పలుకుతాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతమే ఇన్నేళ్లూ అన్నం పెట్టిన మనిషి ఎవరైనా ఉంటే ఇతనే.

లిఫ్టును మోసే ఉక్కు తాళ్లను మిగతా మెకానిక్కులు టార్చి వేసి చూస్తారు, బాగానే ఉన్నాయని పుస్తకంలో సంతకం పెడతారు. ఇతను చేతికి నూలు గుడ్డ చుట్టుకుని, తాడును గుప్పిట పట్టుకుని, లిఫ్టును చీమ నడకన దింపమంటాడు. తాడులో ఎక్కడ ఒక్క సన్నని తీగ తెగి పైకి లేచి ఉన్నా గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. కంటికి దొరకని తప్పు గుడ్డకి దొరుకుతుంది. అరగంటలో అయ్యే పనికి ఇతనికి రెండు గంటలు పడుతుంది. సూపర్‌వైజరు తిట్టుకుంటాడు గానీ, తన పిల్లలుండే భవనానికి మాత్రం ఇతన్నే పంపుతాడు.

ఇంట్లోనూ ఇదే వరస. బిస్కెట్ల పొట్లం కొంటే వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఏమేం కలిపారో చదివి, అందులో మతం వద్దన్న హరామ్ సరుకేదీ లేదని తేలాకే పిల్లల చేతికిచ్చేవాడు. "మీరు ఆ పొట్లం చదవడం ముగించేసరికి పిల్లలకి పెళ్లీడు వస్తుంది" అనేది భార్య. ఆవిడ ఎకసెక్కాలు ఆడినా, అతని చేతి మీదుగా వచ్చినదాన్ని కళ్లు మూసుకుని తినొచ్చని బంధువులందరికీ నమ్మకం. ఆ నమ్మకమే చివరికి అతని మెడకి చుట్టుకుంది.

పదేళ్ల కిందట అతనికి ఒక చిక్కు వచ్చింది. జీతంలోంచి మిగిల్చినది ఎక్కడ దాచాలి? బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, వడ్డీ ముట్టకూడదు. బీరువాలో పెడితే పెరిగే ధరలు దాన్ని చెదపురుగుల్లా కొరికేస్తాయి. తోటి మెకానిక్కు షేర్లు కొనమన్నాడు. ఆ మాట మామగారి చెవిన పడగానే ఆయన పళ్లు లేని నోటితో పకపకా నవ్వాడు.

"షేర్లా? పేకాటకి టై కట్టారన్నమాట! కానీ అల్లుడూ, కానీ."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పైగా నిజమేమోనన్న భయం. అందుకని వీధి చివర మసీదులో ఉండే మౌల్వీ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన పగలు బడిలో లెక్కలు చెప్పే మనిషి, అందుకే ఏ ప్రశ్నకైనా మెట్టు మెట్టుగా జవాబిస్తాడు.

"షేరంటే ఏంటి? ఒక వ్యాపారంలో నువ్వూ ఒక భాగస్తుడివి" అన్నాడాయన. "పొత్తు వ్యాపారం తప్పని ఎవరూ అనలేదు. ఆ వ్యాపారం ఎలాంటిదన్నదే చూడాలి. సారా చేసేవాళ్లు, వడ్డీకి తిప్పేవాళ్లు, జూదం నడిపేవాళ్లు, వీళ్ల గడప తొక్కకు. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేసి, చేతిలో లేనిది కూడా అమ్మి, ధర మీద పందెం కాస్తారు చూడు, అది మీ మామగారన్న పేకాటే."

"మంచి వ్యాపారమే అయినా అప్పుల్లో ఉంటే?"

"అప్పు లేని కంపెనీ ఈ రోజుల్లో ఎక్కడుంది? అందుకే పెద్దలు హద్దులు గీశారు. అప్పులు కంపెనీ విలువలో మూడో వంతు దాటకూడదు. వడ్డీ లాంటి రాబడి నూటికి ఐదు దాటకూడదు. దాటకపోయినా సరే, నీ వాటాకి వచ్చిన ఆ కాస్త మురికినీ లెక్కగట్టి బయటికి తీసెయ్యాలి. పేదవాళ్లకి ఇచ్చెయ్యాలి. దానికి పుణ్యం అడక్కూడదు. ఇల్లూడ్చి చెత్త బయట పోసినవాడు దానం చేశానని చెప్పుకోడు కదా! ఇంకో మాట. ఎంత జల్లెడ పట్టినా షేర్లు వద్దే వద్దనే పెద్దలూ ఉన్నారు. అదీ నీకు చెప్పడం నా బాధ్యత."

అతను వారం రోజులు నమిలి నమిలి, చివరికి దిగాడు. దిగాక తాళ్ల పనిలాగే చేశాడు. కంపెనీల ఏడాది నివేదికలు తెప్పించుకుని, అర్థం కాని మాటలకి నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీ పేజీ తిరగేసేవాడు. వంద కంపెనీలు చూస్తే ఐదు కొనేవాడు. ఏడాదికోసారి డివిడెండ్లలోంచి మురికి వాటా లెక్కవేసి, ఎవరో ఒక లేనివాళ్ల చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేవాడు.

అంతటి జాగ్రత్తపరుడు ఒకసారి జారాడు.

నేలకి పరిచే టైల్సు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. మొదటి రెండేళ్లూ కడిగిన ముత్యంలా ఉంది. మూడో ఏడు నివేదిక వచ్చినప్పుడు పెద్ద కూతురు టైఫాయిడ్‌తో మంచం పట్టింది. అతను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ, ఈ కంపెనీ సంగతి నాకు తెలిసిందేగా అనుకుని నివేదికను అటక మీద పడేశాడు. ఎదుటివాళ్లు టార్చి వేసి సంతకం పెడితే తిట్టే మనిషి, తను టార్చి కూడా వెయ్యకుండా సంతకం పెట్టాడు. ఆ ఏడాదే ఆ కంపెనీ కాంట్రాక్టర్లకి వడ్డీకి అప్పులిచ్చే పిల్ల కంపెనీ ఒకటి తెరిచింది. టైల్సు కన్నా అప్పుల్లోనే లాభం ఎక్కువని తేలింది. షేరు ధర మూడింతలైంది. అతనికి సంగతి తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

తెలిసిన రోజే అమ్మేశాడు. మౌల్వీ గారితో కూర్చుని లెక్క తేల్చాడు. కంపెనీ దారి తప్పకముందు ఉన్న విలువ అతనిది. ఆ తర్వాత పెరిగినదంతా బయటికి పోవాలి. అది అతని పద్నాలుగు నెలల జీతం.

"పద్నాలుగు నెలలా?" అంది భార్య, చేతిలో గరిటె అలాగే పట్టుకుని. ఆ తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, "పోనీండి, పిల్ల బతికింది, అది చాలు" అంది. ఆవిడ అలాంటి మనిషి.

ఎవరికివ్వాలి? నువ్వు పోషించాల్సిన భార్యాబిడ్డలకి కాకూడదనీ, మిగతా బంధువుల్లో లేనివాళ్లుంటే ముందు వాళ్లకేననీ మౌల్వీ గారు చెప్పాడు. అతనికి అక్క గుర్తొచ్చింది.

తండ్రి ముందే పోయాడు, అతనికి ఆరేళ్లప్పుడు తల్లి కూడా పోయింది. పద్నాలుగేళ్ల అక్క బడి మానేసి మిషను ముందు కూర్చుంది. దిండు గలీబులు కుట్టి అతనికి అన్నం పెట్టింది, మెకానిక్కు పని నేర్చుకోడానికి ఫీజు కట్టింది. పెళ్లయింది, పిల్లలు కలగలేదు, బావ పోయాడు. ఇప్పుడు ఆసుపత్రిలో దుప్పట్లూ పక్కగుడ్డలూ కుట్టే గదిలో పని. ఉండేది ఒంటిగది రేకుల ఇంట్లో. వాన వస్తే మంచం ఈ మూల నుంచి ఆ మూలకి ప్రయాణం చేస్తుంది. అయినా మనిషికి పట్టింపు ఎక్కువ. ఎవరైనా ఏటా పేదలకి పంచే జకాత్ డబ్బు తెచ్చి చేతిలో పెట్టబోతే, "నా చేతులింకా ఆడుతున్నాయి, ఆడనివాళ్లని చూసివ్వండి" అని గడపలోంచే పంపేసేది. తమ్ముడైనా సరే, పండ్లు తెస్తే సగం తిరిగి అతని సంచిలోనే పెట్టేది.

నిజం చెబితే తీసుకోదని అతనికి తెలుసు. అందుకని గోధుమరంగు కవరులో డబ్బు పెట్టి తీసుకెళ్లి అబద్ధమాడాడు.

"నువ్వు కుట్టి సంపాదించిన డబ్బుతో నేను పని నేర్చుకున్నా. నా సంపాదనలో నీకు వాటా ఉందక్కా. ఇది నీ వాటా. కప్పు బాగుచేయించుకో."

ఆవిడ చాలాసేపు కవరు వంక చూసింది. తర్వాత అతని తల రెండు చేతుల మధ్య పట్టుకుని, అక్కడికక్కడే అతని మేలు కోరి దువా చేసింది. పుణ్యం అడగకూడని డబ్బుకి దీవెన అందుకుంటున్నానని ఆ క్షణంలో అతని బుర్రకి తట్టలేదు. తట్టినా ఏం చేసేవాడో చెప్పలేం. అక్క చేతులు చెంపల మీద ఉన్నాయి, ఎవరికి మాత్రం తీసెయ్యాలనిపిస్తుంది?

నాలుగేళ్లు గడిచాయి. కప్పు మాత్రం బాగుపడలేదు. అడిగితే "చేయిద్దాంలే" అనేది. పిసినారితనం కాబోలు అనుకుని అతనూ ఊరుకున్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని ఇంటికొచ్చేసరికి అక్క వచ్చి కూర్చుని ఉంది. ఆవిడ ముఖం అలా వెలగడం అతను ఎప్పుడూ చూడలేదు. బల్ల మీద అదే గోధుమరంగు కవరు. మూలలు కాస్త అరిగాయి గానీ, కట్టిన దారం కూడా అతను కట్టిందే.

"హజ్‌కి మక్కా పంపే చీటీల్లో నా పేరు వచ్చిందిరా తమ్ముడూ" అంది. "మూడేళ్ల నుంచి వేస్తున్నా. ఎవరికీ చెప్పలేదు, రాకపోతే నవ్వుతారని. ఆడవాళ్లందరం కలిసి ఒక జట్టుగా వెళ్తాం. సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా మొత్తం డబ్బు కట్టెయ్యాలంట. లేకపోతే ఆ చోటు వెనకవాళ్లకి పోతుంది. నాకు ఆ ఫారాలు అవీ తెలీవు. నువ్వు తోడొచ్చి కట్టించు."

భార్య సంతోషం పట్టలేక వెళ్లి వదినగారిని కావలించుకుంది. అతను నిలబడ్డచోటే ఉన్నాడు.

"ఇది... నేనిచ్చిన డబ్బేనా అక్కా?"

"అదే. ఒక్క నోటు తీస్తే ఒట్టు. దానికి కట్టాల్సిన జకాత్ కూడా నా జీతంలోంచే కట్టా. కప్పుకి ఖర్చు పెట్టమన్నావు. కప్పుదేముందిరా, నెత్తి మీద బకెట్టు పెట్టుకునైనా పడుకోవచ్చు. అల్లా ఇంటికి వెళ్లే డబ్బు మాత్రం మచ్చలేనిదై ఉండాలి కదా. మీ బావ వదిలిపోయినదాంట్లో ఏది ఎక్కడిదో నాకు తెలీదు. నీ డబ్బు గురించి తెలుసు. బిస్కెట్టు కూడా చదివి తినేవాడివి."

అతను కుర్చీలో కూలబడ్డాడు. అలసిపోయాడనుకుని అక్క కవరును అతని చేతిలో పెట్టి, నువ్వే జాగ్రత్త చెయ్యమని, డ్యూటీకి టైమవుతోందని వెళ్లిపోయింది. తలుపు మూసుకోగానే భార్య అతని వైపు తిరిగింది. అది ఏ డబ్బో ఆవిడకీ తెలుసు.

"ఇచ్చేటప్పుడు ఏం చెప్పి ఇచ్చారు?"

చెప్పాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది.

"కుక్కలా కాపలా కాసి ఇంటికి మురికి రానివ్వని మనిషి, పోయి పోయి ఆవిడతోనా ఈ పని?"

అతనికప్పుడు తోచిందల్లా ఒక్కటే. కవరులో నోట్లు మార్చెయ్యాలి. తన సొంత డబ్బు, మచ్చలేనిది, అంతే మొత్తం పెట్టి దారం కట్టేస్తే, అక్క శుభ్రమైన డబ్బుతోనే వెళ్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అంత డబ్బు చేతిలో ఏది? ఇంట్లో ఉన్నదంతా కలిపితే నాలుగో వంతు. షేర్లు అమ్ముదామంటే మార్కెట్టు తెరిచేది సోమవారం, డబ్బు చేతికొచ్చేసరికి ఇంకో రెండు మూడు రోజులు. కంపెనీలో అప్పు తీసుకుంటే వడ్డీ. మిగిలింది మామగారు.

శనివారం పొద్దున్నే వెళ్లాడు. ముసలాయన చదువుతున్న పత్రిక దించి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఎంత?" అన్నాడు. ఎంతో విన్నాక, "ఎందుకు?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "పేకాటలో పోయిందా అల్లుడూ?" అన్నాడు. ఆ గొంతులో ఈసారి వెటకారం లేదు, జాలి ఉంది. జాలే భరించలేకపోయాడు. ఏమీ లేదు మామయ్యా అని లేచి వచ్చేశాడు.

ఆ రోజు పని పదకొండు అంతస్తుల భవనంలో. లిఫ్టు కిందుండే గోతిలోకి దిగి స్ప్రింగులు చూడాలి. దిగేముందు అక్కడున్న ఎర్ర మీట నొక్కితే లిఫ్టు కదలదు. మీట నొక్కందే గోతిలో కాలు పెట్టకూడదని కొత్తవాళ్లకి నేర్పేదే ఇతను. ఆ రోజు నొక్కలేదు. గోతిలో వంగి ఉండగా పైన ఎక్కడో బటన్ నొక్కిన చప్పుడు, తాళ్లు వణికిన చప్పుడు వినిపించాయి. పైకి చూస్తే చీకటి కిందికి దిగుతోంది.

"ఒరేయ్ అనుమానం!" అని అరుస్తూ తోటి మెకానిక్కు బయటినుంచి ఒక్క గెంతున వచ్చి మీట కొట్టాడు. లిఫ్టు రెండో అంతస్తు దగ్గర కీచుమని ఆగింది.

పైకి లాగి కూర్చోబెట్టాక ఆ స్నేహితుడు చెయ్యి వదల్లేదు. "నువ్వేంట్రా? నువ్వు?" అని అదే మాట నాలుగుసార్లు అన్నాడు. అనుమానానికి, అప్పుడే చచ్చిపోయి ఉంటే అక్కకి నిజం తెలియకుండానే పోయేదన్న ఆలోచన వచ్చింది. అది కాస్త హాయిగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆదివారం మధ్యాహ్నం మౌల్వీ గారి ఇంటికి వెళ్లాడు. ఆయన పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. అనుమానం మొత్తం చెప్పాడు, ఒక్క మాట తప్ప. ఆ వడ్డీ డబ్బుతో అక్క హజ్ చెయ్యొచ్చా అని అడిగాడు.

"చెయ్యొచ్చు" అన్నాడాయన, ఎర్ర పెన్ను పక్కన పెట్టి. "మురికి నోటుకి అంటుకుని ఉండదయ్యా. అది సంపాదించిన దారిలో ఉంటుంది. తప్పు దారిలో వచ్చింది నీకు. ఆవిడకి ఒక పేదరాలిగా సరైన దారిలో వచ్చింది. ఆవిడకది హలాల్, నిక్షేపంగా వాడుకోవచ్చు. నిశ్చింతగా వెళ్లి రమ్మను."

రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బండ దొర్లినట్టయింది. అతను కళ్లు తుడుచుకున్నాడు. లేచి చెప్పులేసుకోబోతుంటే ఆయన మళ్లీ పిలిచాడు.

"ఇచ్చేటప్పుడు ఏమని ఇచ్చావు?"

దాచిన ఒక్క మాటా అదే. నీ వాటా అన్నానని చెప్పాడు.

"తీసుకుని ఆవిడేమంది?"

"దువా చేసిందండీ."

"ఆ ఒక్కసారేనా?"

"రోజూ చేస్తుంది. ఐదు పూటలా."

మౌల్వీ గారు దిద్దుతున్న పేపరు మడిచి, మళ్లీ విప్పాడు.

"ఇప్పుడు చెప్పాలా అండీ? డబ్బు హలాలే అన్నారుగా. చెబితే ఆవిడ మనసు విరిగిపోతుంది. ప్రయాణం ముందు..."

"షేర్ల గురించి అడిగావు, పుస్తకాలు చూసి చెప్పా. డబ్బు గురించి అడిగావు, చెప్పా. అక్కకి అబద్ధం చెప్పొచ్చా అన్నదానికి పుస్తకం తెరవాలా?" అని, ఎర్ర పెన్ను తీసుకుని మళ్లీ పేపర్ల మీదికి వంగాడు.

సోమవారం తొమ్మిదిన్నరకి ఆసుపత్రికి వెళ్లాడు. కుట్టే గది కింది అంతస్తులో ఉంది. ఉతికి వచ్చిన దుప్పట్లు ఒక గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. అక్క కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని, నలుగురు చెయ్యాల్సిన పని ఒక్కతే లాగిస్తోంది. కవరు తెచ్చావా అని చూపులతోనే అడిగింది. అతను కవరు మిషను బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. టైల్సు కంపెనీ దగ్గర మొదలుపెట్టి, చెత్త ఊడ్చిన మాట దాకా ఏదీ దాచలేదు. మిషను మొదట్లో ఆడుతూనే ఉంది. ఎక్కడో మధ్యలో ఆగింది.

"అంటే ఇది నీ నోటికి పనికిరాని ముద్ద" అంది అక్క.

"మౌల్వీ గారు అన్నారక్కా, నీకైతే ఇది..."

"ఆయన మాట తర్వాత. నిన్నడుగుతున్నా. నీ నోటికి పనికొస్తుందా?"

"రాదు."

"నీ పిల్లల నోటికి?"

"రాదు."

"పేదవాళ్లకి ఇవ్వాలి కాబట్టి నాకిచ్చావు."

"అవునక్కా."

ఆవిడ ముక్కుమీది కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచాక మళ్లీ పెట్టుకోలేదు.

"పేదదాన్నే కదరా. ఆ ముక్క నా ముఖం మీద చెబితే చచ్చిపోయేదాన్నా?"

"నువ్వు తీసుకునేదానివి కాదక్కా."

"తీసుకునేదాన్ని కాదేమో. పిల్లకి జబ్బు చేసి నువ్వు పొరపాటు పడ్డావని తెలిస్తే, నీ బరువు దింపడానికైనా తీసుకునేదాన్నేమో. తీసుకోవడమో మానడమో నా ఇష్టం కదా. నాకని మిగిలిందే అదొక్కటి. దాన్ని కూడా నువ్వే తీసేసుకున్నావు." చిరిగిన దుప్పటి ఒళ్లోకి లాక్కుంది. "వాటా అన్నావు. ఆ రాత్రంతా నిద్రపోలేదు తెలుసా? అమ్మ ఉంటే బాగుండు, వీడు ఎంతవాడయ్యాడో చూసేది అనుకుంటూ కూర్చున్నా."

అతను తల వంచుకుని ఉన్నాడు. ఏదైనా విసిరికొడితే బాగుండును, కవరు ముఖాన పారేస్తే బాగుండును అనిపించింది. ఆవిడ అలాంటివేవీ చెయ్యలేదు. చేతిలో ఉన్న దుప్పటి చిరుగు చివరిదాకా కుట్టింది, దారం తెంపింది, మడత పెట్టింది. గోడమీద గడియారం చూసింది. పది దాటింది.

"మౌల్వీ గారు నాకిది హలాల్ అన్నారా? నిజం చెప్పు. ఇప్పుడు కూడా అబద్ధం కాదుగా?"

"ఖురాన్ మీద ఒట్టక్కా. అన్నారు."

"అయితే పద. మూడేళ్లకి వచ్చిన పిలుపు. నీ తప్పుకి నేనెందుకు ఆగిపోవాలి?"

దారిలో ఇద్దరూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అక్క చూపు కిటికీ బయటే ఉంది. డబ్బు కట్టే చోట వరస చాంతాడంత ఉంది. పదకొండున్నరకి ఇంకా వీళ్ల ముందు తొమ్మిది మంది. పన్నెండుకి పది నిమిషాలుండగా కంప్యూటరు ఆగిపోయిందని లోపలి గుమాస్తా చేతులెత్తేశాడు. అక్క కవరును రెండు చేతులతో పొట్టకి అదుముకుని కళ్లు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. ఆ దువాలో తను ఉన్నాడో లేడో అని అతనికి అనిపించింది. నాలుగేళ్లలో ఆ సందేహం రావడం అదే మొదటిసారి. నాలుగు నిమిషాలకి కంప్యూటరు కదిలింది. దారం అక్కే విప్పింది. నోట్లు తనే లెక్కపెట్టి ఇచ్చింది. రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, "నువ్వు పనికి వెళ్లు, నేను వెళ్లగలను" అంది.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ వాళ్లింటికి రాలేదు. అతను రెండుసార్లు వెళ్లాడు. తలుపు తీసింది, కూర్చోమంది, టీ ఇచ్చింది. పిల్లలెలా ఉన్నారని అడిగింది. తల మీద చెయ్యి మాత్రం పెట్టలేదు. అతను ఒక ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకెళ్లి, ఇది నా జీతం డబ్బు, నువ్వు వద్దంటే వెనక్కి పంపేస్తానని ముందే చెప్పి నిలబడ్డాడు. వద్దంది. వెనక్కి పంపేశాడు.

బయల్దేరే రోజు పొద్దున బస్సు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. హజ్‌కి వెళ్లేవాళ్లు తెలిసినవాళ్లందరి దగ్గరా క్షమాపణ అడిగి కానీ కదలరు. అక్క అందరి దగ్గరికీ వెళ్లింది. ఇంటి ఓనరుని అడిగింది, కుట్టే గదిలో ఎప్పుడూ పోట్లాడే ఆవిడని అడిగింది. మరదలి చేతులు పట్టుకుంది. మామగారు ముసలితనం మరిచి ఏడ్చేశాడు. చివరికి తమ్ముడి ముందుకి వచ్చింది.

"పెంచేటప్పుడు కొట్టాను, తిట్టాను. నా వల్ల తప్పు జరిగుంటే క్షమించు" అంది.

"నువ్వా అక్కా నన్నడిగేది? నీ వల్ల నాకేం తప్పు జరిగింది?" అతను చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. "నన్ను క్షమించానని చెప్పు. ఒక్క మాట చెప్పి వెళ్లు."

ఆవిడ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఇంకా రాలేదురా నాకు" అంది మెల్లగా. "రానిదాన్ని వచ్చిందని చెప్పి నీ చేతిలో పెట్టలేను. అలా ఇస్తే తీసుకున్నవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడికి వెళ్లి అడుగుతా. దొరికితే నీకు తెచ్చిస్తా."

అతను మోసుకొచ్చిన సంచి కోసం చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. ఆవిడ బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది.